హన్మకొండ నుంచి డాలస్ దాకా: విమాన దూరం, ప్రయాణ సమయం మీరే లెక్కేసుకోండి

ఎండాకాలం దగ్గరపడుతుంటే వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో చాలా ఇళ్లలో ఒకటే హడావుడి. బిడ్డ పురుడుకో, మనవడి పుట్టినరోజుకో అమెరికా వెళ్లే పెద్దవాళ్లు అటక మీది సూట్‌కేసులు దించుతూ అడిగే మొదటి ప్రశ్న ‘విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి?’ అడిగిన ప్రతి చోటా ఒక్కో జవాబు వస్తుంది. ఇంటర్నెట్‌లో చూస్తే 14 వేల కిలోమీటర్ల పైచిలుకు అని ఉంటుంది. ట్రావెల్ ఏజెంట్ 23 గంటలు అంటాడు. టికెట్ చూస్తే తెల్లవారుజామున 4:20కి ఎక్కి అదే రోజు సాయంత్రం 5 గంటలకు దిగినట్టు ఉంటుంది. ఇందులో ఏదీ అబద్ధం కాదు, ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతోంది.

కానీ మనకు నిజంగా కావాల్సింది వేరే: ఇంటికి తాళం వేసినప్పటి నుంచి అక్కడి ఇంట్లో చెప్పులు విడిచేదాకా ఎంతసేపు? అది ఏ వెబ్‌సైటూ చెప్పదు, మనమే లెక్కేసుకోవాలి. ఉదాహరణకు హన్మకొండ–డాలస్ తీసుకుందాం. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో అని మనవాళ్లు రోజూ చెప్పే పేర్లన్నీ డాలస్ చుట్టుపక్కలవే. ఊరు మారినా పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: ఎయిర్‌పోర్టులు ఖాయం చేసుకోండి

‘వరంగల్ టు డాలస్ ఫ్లైట్ డిస్టెన్స్’ అని వెతికితే ఏదో ఒక అంకె వస్తుంది. దాంతో మనకు పనిలేదు. నిజాం కాలం నాటి మామునూరు ఎయిర్‌స్ట్రిప్‌కి డబ్ల్యూజీసీ అనే కోడ్ ఉంది కాబట్టి కొన్ని సైట్లు అక్కడి నుంచి గీత గీసి చూపిస్తాయి. అక్కడ ఎయిర్‌పోర్టు కట్టడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది తయారై విమానాలు ఎగిరినా, అమెరికా వెళ్లే పెద్ద విమానం మామునూరు నుంచి లేస్తుందని ఆశపడక్కర్లేదు. మన లెక్క మొదలయ్యేది శంషాబాద్ నుంచే.

ఊరి పేరు కాకుండా మూడక్షరాల కోడ్‌తో వెతకండి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ. ఇది ఎందుకంటే పాకిస్థాన్‌లోని సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. లిస్టులో మొదట కనిపించిందని దాన్ని నొక్కితే లెక్క మొత్తం అడ్డం తిరుగుతుంది. డాలస్‌లోనూ రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నాయి. మనకు కావాల్సింది డీఎఫ్‌డబ్ల్యూ, అంటే డాలస్–ఫోర్ట్‌వర్త్. రెండోది లవ్ ఫీల్డ్, అక్కడ అమెరికా లోపల తిరిగే విమానాలే ఎక్కువ. న్యూయార్క్‌కి వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. జేఎఫ్‌కే, నెవార్క్, లాగార్డియా మూడూ ఆ ఊరి కిందే చూపిస్తారు. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాలని టికెట్‌లో ఉంటే మధ్యలో ఊరంతా దాటాలి.

ఆదిలాబాద్ వాళ్లకు ఒక మాట. శంషాబాద్ మీకు 300 కిలోమీటర్లు దాటుతుంది, నాగ్‌పూర్ సుమారు 200 ఉంటుంది. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే. ఢిల్లీ, ముంబై మీదుగా వెళ్లే టికెట్ అయితే నాగ్‌పూర్ నుంచి కూడా ధర, టైమూ చూసుకోండి.

రెండో మెట్టు: దూరం

ఫోన్‌లో తేలికైన దారి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటు. రెండు కోడ్‌లు మధ్యలో గీత పెట్టి కొడితే దూరం, మ్యాప్ రెండూ వస్తాయి. కంప్యూటర్ ఉంటే గూగుల్ మ్యాప్స్‌లో ఒక ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేసి ‘దూరం కొలవండి’ ఎంచుకుని, రెండోదాని మీద నొక్కండి. హైదరాబాద్–డాలస్ దాదాపు 14,420 కి.మీ. వస్తుంది.

యూనిట్ ఒకసారి చూసుకోండి. అమెరికా సైట్లు మైళ్లలో ఇస్తాయి, మైలు అంటే 1.609 కి.మీ. విమానయానంలో వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ‘9 వేలే అట’ అని ఎవరైనా పెడితే అది మైళ్ల లెక్క అయి ఉంటుంది.

ఇంటర్నెట్ లేకుండా కూడా చేయొచ్చు. పిల్లల గ్లోబు తీసుకుని హైదరాబాద్ దగ్గర దారం ఆనించి డాలస్ దాకా బిగించి లాగండి. ఆ దారం ఎన్ని సెంటీమీటర్లో కొలవండి. తర్వాత భూమధ్యరేఖ చుట్టూ దారం తిప్పి అదీ కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 40 వేలతో గుణిస్తే కిలోమీటర్లు వచ్చేస్తాయి. దారం బిగించగానే ఇంకో సంగతి కనిపిస్తుంది: అది దుబాయ్, లండన్ వైపు పోదు. దాదాపు నిటారుగా ఉత్తరానికి లేస్తుంది. ఢిల్లీ మీదుగా, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల చిల్లర దూరంలోంచి పోయి కెనడా మీదుగా డాలస్‌కి దిగుతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే డాలస్ 97 డిగ్రీల పశ్చిమం మీద ఉంది. అంటే భూమికి దాదాపు అటు పక్క. అటు పక్కకు పోవడానికి దగ్గరి దారి తల మీదుగానే. గోడ మీది మ్యాప్‌లో గీసిన తిన్నటి గీత ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ మ్యాప్ ధ్రువాల దగ్గరి నేలను సాగదీసి చూపిస్తుంది.

ఇంటర్ చదివే పిల్లలుంటే ఈ లెక్క చేయించండి. దుబాయ్‌తో చూద్దాం. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు అక్షాంశం 17.24, రేఖాంశం 78.43. దుబాయ్‌కి 25.25, 55.36. రేఖాంశాల తేడా 23.07. కాలిక్యులేటర్‌ను డిగ్రీ మోడ్‌లో పెట్టుకోవాలి. సైన్ 17.24ని సైన్ 25.25తో గుణిస్తే 0.1264. కాస్ 17.24, కాస్ 25.25, కాస్ 23.07 మూడూ గుణిస్తే 0.7948. రెండూ కలిపితే 0.9212. దీనికి కాస్ ఇన్వర్స్ తీస్తే 22.9 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 2,546 కి.మీ. సైట్లు చూపించే దూరం కూడా ఇంచుమించు ఇదే. అక్షాంశం దక్షిణార్ధ గోళంలో ఉంటే మైనస్ పెట్టాలి. సిడ్నీ, మెల్‌బోర్న్ లెక్క వేసేవాళ్లు ఇక్కడే తడబడతారు.

మూడో మెట్టు: విమానం నిజంగా పోయే దారి

14,420 అనేది గీత దూరం. ఇది రాస్తున్నప్పటికి హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఆగకుండా పోయే విమానం లేదు. విమానాలకు అంత దూరం పోయే సత్తా లేక కాదు, సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కి.మీ. పైనే ఒక్క ఊపున పోతోంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది కూడా. ఆ దూరం 13,280 కి.మీ. దాకా ఉంటుంది. తర్వాత అది ఆగిపోయింది.

కాబట్టి మధ్యలో ఎక్కడో దిగాలి. దుబాయ్ మీదుగా అయితే 2,550 ప్లస్ 12,900, మొత్తం 15,450 కి.మీ. లండన్ మీదుగా 7,750 ప్లస్ 7,620, అదీ 15,400 దగ్గరే. దోహా మీదుగా ఇంకో 200 కి.మీ. ఎక్కువ. ఏ దారైనా గీత దూరం కంటే వెయ్యి కిలోమీటర్లు అటూఇటూగా ఎక్కువ, అంటే విమానంలో గంటో గంటంబావో. దూరం చూసి దుబాయా, లండనా అని తల బద్దలు కొట్టుకోవడం అందుకే దండగ. తేడా తెచ్చేది మధ్యలో ఆగే సమయం.

దారి వంకరపోవడానికి ఆకాశం మూతపడటం ఇంకో కారణం. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమాన సంస్థలు రష్యా మీదుగా ఎగరడం ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన దేశపు విమానాలకు తన గగనతలం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరిగి, ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగాల్సి వచ్చింది. టికెట్ కొన్న నాటి దారే ఎక్కే నాటికీ ఉంటుందని అనుకోవద్దు. వారం ముందు ఇంకోసారి చూసుకోండి.

నాలుగో మెట్టు: గాల్లో గంటలు

పెద్ద జెట్ విమానం 10–12 కి.మీ. ఎత్తున గంటకు దాదాపు 900 కి.మీ. వేగంతో పోతుంది. కానీ లేవడానికి, దిగడానికి, రన్‌వే దాకా పాకడానికి టైము పోతుంది. అందుకే దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. దుబాయ్‌కి మూడున్నర గంటలు వస్తుంది. దుబాయ్–డాలస్‌కి 15 గంటల 40 నిమిషాలు. టికెట్‌లో వేసేది గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా, అదీ కొంచెం వెసులుబాటు కలిపి. కాబట్టి అక్కడ కొన్ని నిమిషాలు ఎక్కువ కనబడుతుంది.

ఇక పోయేటప్పుడు ఒక టైము, వచ్చేటప్పుడు ఇంకో టైము ఎందుకు? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమటికి పోయే విమానానికి ఊరే ఎదురు రావాలి కదా అని చాలామంది వాదిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, విమానం ఉన్నది ఆ గాలిలోనే. అసలు తేడా జెట్ స్ట్రీమ్ అనే పై గాలులది. అవి పడమర నుంచి తూర్పుకు వీస్తాయి, చలికాలంలో మరీ జోరుగా. దుబాయ్ పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. అందుకే పోవడం 4 గంటలకు దగ్గరగా ఉంటే రావడం మూడున్నర లోపే అయిపోతుంది. డాలస్ లాంటి దూరాలకు తేడా గంట దాటుతుంది.

సరైన అంకె కావాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ విమానం నంబరు కొట్టండి. గత కొన్ని రోజులుగా అది ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో కనిపిస్తుంది. రోజూ ముప్పావు గంట ఆలస్యంగా లేస్తున్న విమానమైతే ఇప్పుడే తెలిసిపోతుంది, రెండో విమానం అందుతుందో లేదో అన్న టెన్షన్ తగ్గుతుంది.

ఐదో మెట్టు: అన్నీ మన టైములోకి మార్చండి

గందరగోళమంతా ఇక్కడే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. కాబట్టి ఒక కాగితం తీసుకుని ప్రతి టైము పక్కనా మన టైము రాయండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, దోహా రెండున్నర. లండన్ చలికాలంలో ఐదున్నర, ఎండాకాలంలో నాలుగున్నర. డాలస్ చలికాలంలో పదకొండున్నర, ఎండాకాలంలో పదిన్నర. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మన దగ్గర ఆ తతంగం లేదు.

జూన్ 15 టికెట్ అనుకుందాం, టైములు ఉదాహరణకే. హైదరాబాద్‌లో తెల్లవారుజాము 4:20కి లేచి దుబాయ్‌లో అక్కడి టైము 6:40కి దిగుతుంది. మన టైములో 8:10, అంటే 3 గంటల 50 నిమిషాలు. దుబాయ్‌లో 9:50కి రెండో విమానం, మధ్యలో 3 గంటల 10 నిమిషాలు. అది డాలస్‌లో అదే రోజు సాయంత్రం 5 గంటలకు దిగుతుంది. దానికి పదిన్నర గంటలు కలిపితే మన టైములో జూన్ 16 తెల్లవారుజాము 3:30. అంటే గాల్లో 16 గంటల 10 నిమిషాలు. మొత్తం 23 గంటల 10 నిమిషాలు. టికెట్ మీద చూస్తే 12 గంటల 40 నిమిషాల ప్రయాణంలా ఉంది కదా, మిగతా పదిన్నర గంటలూ గడియారాల తేడాలో దాక్కున్నాయి.

దీనికంటే ముఖ్యమైనది తేదీ. జూన్ 15 తెల్లవారుజాము 4:20 అంటే మీరు ఇంటి నుంచి బయల్దేరాల్సింది జూన్ 14 రాత్రి. అర్ధరాత్రి 12:40 విమానాలైతే మరీ ప్రమాదం. ‘15న కదా’ అని 15 సాయంత్రం తీరిగ్గా బయల్దేరి, జనగామ దాటాక టికెట్ తీసి చూసుకుని గుండె పట్టుకున్నవాళ్లు ఉన్నారు. క్యాలెండర్‌లో విమానం తేదీ రాయొద్దు, ఇల్లు కదిలే తేదీ, వారం, టైము రాయండి.

ఆరో మెట్టు: ఇంటి నుంచి శంషాబాద్

ఈ భాగాన్ని ‘ఆఁ, మూడు గంటలు’ అని తేలిగ్గా తీసేస్తారు. హన్మకొండ నుంచి 163 జాతీయ రహదారి మీద ఘట్‌కేసర్ దాకా వచ్చి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్‌లో దిగడం అన్నిటికంటే నయం. మొత్తం 160–170 కి.మీ. మధ్యలో కోమళ్ల, గూడూరు టోల్‌గేట్లు. మామూలు రాత్రి మూడుంబావు గంటలు పడుతుంది. ఉప్పల్ మీదుగా ఊళ్లోంచి పోతే ఎంతసేపో చెప్పలేం, ఆ దారి ఎక్కొద్దు.

కొన్ని రోజులకు వేరే లెక్క. ఆదివారాలు, కార్తీక మాసంలో యాదగిరిగుట్ట వచ్చిపోయే వాహనాలతో భువనగిరి చుట్టుపక్కల నిదానిస్తుంది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో ఇదే రోడ్డు నిండిపోతుంది. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లకైతే జాతర వారంలో టికెట్ కొనకపోవడమే మేలు. కొన్నాక చేయగలిగింది ఒక్కటే, ముందు రోజే హైదరాబాద్ చేరి చుట్టాలింట్లో పడుకోవడం.

రైలు సంగతి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కి.మీ., రెండు గంటలు అటూఇటూ. అక్కడి నుంచి పుష్పక్ బస్సో క్యాబో పట్టుకుంటే ఇంకో గంట, గంటన్నర. ఒక్క బ్యాగుతో ఢిల్లీకో బెంగళూరుకో పోయేవాళ్లకు బాగానే ఉంటుంది. 23 కిలోల పెట్టెలు నాలుగు, పక్కన మోకాళ్ల నొప్పుల అమ్మ ఉంటే వద్దు. ఇప్పుడు కొన్ని రైళ్లు చర్లపల్లిలోనే ఆగిపోతున్నాయి, ఏ స్టేషన్లో దిగాలో టికెట్‌లో చూసుకోండి. కరీంనగర్ వాళ్లు రాజీవ్ రహదారి మీద వచ్చి శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్ వాళ్లు మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కొచ్చు.

విదేశీ విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, తర్వాత ఎంత బతిమాలినా లాభం లేదు. మన ఉదాహరణలో 1:20కి అక్కడుండాలి. దారిలో టీకి, టైరు పంచర్‌కి గంట కలుపుకుంటే రాత్రి 9 గంటలకు హన్మకొండ వదలాలి.

ఇప్పుడు మొత్తం వేయండి. 14 రాత్రి 9కి కదిలారు. 16 తెల్లవారుజాము 3:30కి, అంతా మన టైములోనే, డాలస్‌లో దిగారు. ఇమిగ్రేషన్, పెట్టెలు, అల్లుడి కారులో ఇంటికి పోవడం కలిపి రెండున్నర గంటలు. ఇంట్లో అడుగుపెట్టేసరికి మన టైములో ఉదయం 6, అక్కడ సాయంత్రం 7:30. మొత్తం 33 గంటలు, అందులో విమానంలో కూర్చున్నది 20. ‘నాయినా, ఎన్ని గంటలు?’ అని అడిగే బిడ్డకు చెప్పాల్సింది ఈ 33. మందులు, షుగర్ ఉన్నవాళ్ల తిండి టైము కూడా దీన్నిబట్టే చూసుకోవాలి. చేతి సంచిలో ఒక్క పూట మాత్రలు పెట్టుకుంటే చాలవు.

దూరం తగ్గేకొద్దీ నేల మీది వాటా పెరుగుతుంది. జగిత్యాల నుంచి దుబాయ్ పోయే మనిషిని చూడండి. శంషాబాద్‌కి ఐదు గంటలు, ఎయిర్‌పోర్టులో మూడున్నర, విమానం నాలుగు, అక్కడ బయటికొచ్చి రూము చేరడానికి గంటన్నర. 14 గంటల్లో గాల్లో ఉన్నది నాలుగే.

మధ్యలో ఎంతసేపు ఆగాలి?

పెద్దవాళ్లు ఒంటరిగా పోతుంటే మూడు నుంచి నాలుగు గంటలు నా మట్టుకు సరైన లెక్క. గంటన్నర కనెక్షన్ చూసి టికెట్ చవక అని మురిసిపోవద్దు, దుబాయ్, దోహాల్లో గేటు నుంచి గేటుకు నడకే చాలా ఉంటుంది. వీల్‌చైర్ ముందే అడగండి, మొహమాటం అక్కర్లేదు. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది పోయినప్పుడు డబ్బు మీదే పోతుంది. ఢిల్లీ మీదుగా డిసెంబరు, జనవరిల్లో పోతుంటే పొగమంచు సంగతి గుర్తుపెట్టుకుని ఇంకొంచెం ఎక్కువ ఉంచుకోండి. డాలస్ కంటే ముందు అమెరికాలోనే ఇంకో ఊళ్లో దిగే టికెట్ అయితే ఇమిగ్రేషన్ ఆ మొదటి ఊళ్లోనే. పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడ మూడు గంటలకు తగ్గితే నేనైతే కొనను.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. డాలస్‌లో సెప్టెంబరు 10 రాత్రి 7:30కి ఎక్కితే, దుబాయ్‌లో రెండుంముప్పావు గంటలు ఆగి, శంషాబాద్‌లో దిగేది 12 తెల్లవారుజాము 2:50కి. టికెట్ మీద 31 గంటల 20 నిమిషాల తేడా. అందులోంచి పదిన్నర తీసేస్తే అసలు ప్రయాణం 20 గంటల 50 నిమిషాలు. టైము పక్కన చిన్నగా ప్లస్ 2 అని ఉంటుంది, అంటే ఎక్కిన తేదీకి రెండు రోజుల తర్వాత అని.

తీసుకురావడానికి పోయేవాళ్లు ఆ ప్లస్ 2 చూసుకోవాలి. 12న దిగుతారంటే మీరు 11 రాత్రి భోజనం చేసి 12 గంటల ప్రాంతంలో హన్మకొండ వదిలితే చాలు. దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలు అయ్యేసరికి గంట పైనే పడుతుంది. విమానం దుబాయ్‌లో లేచిందో లేదో యాప్‌లో చూసి అప్పుడు కారు తీయండి.